ముప్పై ఎనిమిది నల్ల రింగులు

మీ బండి రేడియోలో గోల వస్తోందా? తీసుకురండి. ఎక్కడ పుడుతోందో వెతికి పెడతాను. కానీ వెతక్కముందే దాని నోరు మూయించమని మాత్రం నన్ను అడక్కండి. అలా అడిగినవాళ్ళ మాట విని ఒకసారి చేశాను. ఆ కోపం నాకింకా చల్లారలేదు. సగం వాళ్ళ మీద, సగం నా మీద.

నా పేరు సువార్త. బెజవాడ ఆటోనగర్లో మా నాన్న దావీదు పెట్టిన రేడియో షెడ్డు ఇప్పుడు నాది. లారీల్లో, బస్సుల్లో రేడియోలు బిగించడం, బాగుచేయడం మా పని. మా నాన్న నేర్పిన పద్ధతి ఒకటుంది. గోల అనగానే రేడియో విప్పకూడదు. ముందు ఇంజను ఆపి వినాలి. తర్వాత స్టార్ట్ చేసి వినాలి. ఆక్సిలరేటర్ తొక్కినప్పుడు కూత పెరిగితే అది ఆల్టర్నేటర్. వైపర్ వేసినప్పుడే వస్తే వైపర్ మోటారు. గతుకులో పడినప్పుడు బరబరమంటే ఎక్కడో ఎర్తు వదులైంది. అవన్నీ అయ్యాక ఏరియల్ తీగ పీకి వినాలి. గోల పుట్టిన చోటు, పుట్టిన కారణం రెండూ తెలిసేదాకా చేతిలోకి పనిముట్టు తీసుకోకూడదు. పని అయ్యాక బిగించిన వస్తువు మీద పసుపు రంగుతో ఒక చుక్క పెట్టాలి. రేపెవరైనా విప్పి చూస్తే ఈ పని ఎవరిదో తెలియాలనేవాడు మా నాన్న. పొగిడితే పొగుడుతారు, తిడితే తిడతారు.

జూన్ నెలలో చేపల లారీల కంపెనీ మేనేజరు పాండురంగం గారు షెడ్డుకి వచ్చాడు. వాళ్ళవి ముప్పై ఎనిమిది లారీలు. ఆకివీడులో ఐసు మధ్య చేపలు పేర్చుకుని హౌరా దాకా ఆగకుండా తోలతారు. మా తమ్ముడు ఏసోబు కూడా అందులోనే డ్రైవరు.

"సువార్తమ్మా, రేడియో పెడితే చాలు, పేలాలు వేయించినట్టు టక్ టక్ టక్ అని ఒకటే గోల. డ్రైవర్లు విసుగెత్తి ఎక్కడపడితే అక్కడ బండి ఆపి కాళ్ళు చాపుకుంటన్నారు. అవతల ఐసు కరిగిపోతంది. ఈ ఆదివారంలోగా అన్ని బళ్ళల్లో గోల ఆగిపోవాల" అన్నాడు.

మొదటి బండి మా ఏసోబుదే. ఇంజను ఆపినా గోల ఉంది. ఆక్సిలరేటర్ తొక్కినా పెరగలేదు, తగ్గలేదు. ఏరియల్ పీకగానే ఆగిపోయింది. అంటే గోల రేడియోలో లేదు. బండిలో ఎక్కడో పుట్టి గాల్లోంచి వస్తోంది. చిన్న ట్రాన్సిస్టరు ఒకటి చేత్తో పట్టుకుని క్యాబిన్ అంతా తిప్పాను. డ్రైవరు సీటు దగ్గరికి పోయేసరికి అది గట్టిగా అరిచింది. వంగి చూస్తే సీటు కింద అరచెయ్యంత పెట్టె, సీలు వేసి ఉంది. దాన్నుంచి ఒక తీగ సీటు వీపులోంచి పైకి పాకి, తల ఆనించే దిండులోకి పోయింది.

ఏసోబు సీటు దిగాడు. గోల ఆగింది. నేనెక్కి కూర్చున్నాను. రేడియో నిశ్శబ్దంగా ఉంది. వాడు మళ్ళీ కూర్చున్నాడు. టక్, టక్ టక్.

మనిషిని బట్టి మారే గోల నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. అక్కడే ఆగాల్సింది. ఈ పెట్టె ఏంటని పాండురంగం గారిని అడిగాను కూడా.

"అది సీటు చల్లగా ఉంచే పెట్టెమ్మా. సీలు విప్పావంటే వారంటీ పోద్ది. అది ఏదైతే నీకెందుకు, గోల ఆపు చాలు."

ఆపాను. ఆ తీగని, గోలని మింగేసే నల్ల ఫెర్రైట్ రింగులోంచి మూడు చుట్లు తిప్పి, పక్కన కండెన్సర్ వేసి, ఛాసీకి ఎర్తు బిగించాను. రేడియోలో పాట కడిగిన గాజుగ్లాసులా వినిపించింది. రింగు మీద పసుపు చుక్క పెట్టాను. శనివారం పొద్దుగూకేలోపు ముప్పై ఎనిమిది లారీలూ పూర్తిచేశాను. ఇంకెవరికైనా వారం పట్టేది అనుకుని మురిసిపోయాను కూడా. శ్రీకాకుళం డ్రైవరు అప్పలస్వామి తన బండిలో పాట వింటూ తలూపాడు. "ఏటక్కా, నీ చేతిలో మంతరమేదో ఉన్నాది" అన్నాడు. ఆ మాటకి నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

జూలైలో ఏసోబుకి పాప పుట్టింది. మా మరదలు కరుణకి కానుపు కష్టమైంది. పాపని మొదట ఎత్తుకున్నది నేను, తర్వాత వాడు. హౌరా నుంచి అప్పుడే దిగాడు, రానూ పోనూ నాలుగు రోజులు తోలి వచ్చాడు. కళ్ళల్లో అలసటే లేదు. మధ్యాహ్నం ఎండలో నిచ్చెన వేసుకుని ఇంటి గోడకి సున్నం కొట్టడం మొదలెట్టాడు.

"కాసేపు పడుకోరా" అన్నాను.

"నిద్ర రావట్లేదక్కా. నిజం చెప్తున్నా, హాయిగా ఉంది. ఇన్నాళ్ళూ సగం బతుకు పడుకునే పోగొట్టుకున్నా అనిపిస్తంది."

నేను నమ్మాను. కరుణ కూడా మొదట్లో సంతోషించింది. ఇంటికొస్తే గుర్రుపెట్టి పడుకునే మనిషి ఇప్పుడు గుడ్డలు ఉతుకుతున్నాడు, పాపకి నీళ్ళు పోస్తున్నాడు. ఇంట్లో వాడుంటే పండగలా ఉందంది. కంపెనీ కూడా సంతోషించింది. డ్రైవర్లు ఇప్పుడు దారిలో బళ్ళు ఆపడం లేదు.

అక్టోబరులో ఒక పూట కరుణ నన్ను పిలిపించింది. వెళ్ళేసరికి ఏసోబు వంటగదిలో అన్నం కంచం పట్టుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. మొహంలో మనిషి లేడు. పాప కింద పడుకుని ఏడుస్తోంది, వాడికి వినపడటం లేదు. నేను చెవి దగ్గర చప్పట్లు కొట్టాను. ఉలిక్కిపడి, "ఏంటక్కా, ఎప్పుడొచ్చావ్?" అని నవ్వాడు.

"ఇట్టా రోజుకి నాలుగుసార్లు అవుతంది వదినా" అంది కరుణ, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "రెండు నెలల్నుంచి ఈ మనిషి కన్ను మూయటం నేను చూడలా. డాక్టరు మాత్రలిచ్చాడు. ఒక్కటీ పనిచెయ్యలా."

బండి ఎక్కొద్దని వాడితో గొడవపడ్డాను. నాకేమైంది, బాగానే ఉన్నాగా అని వెళ్ళిపోయాడు.

నవంబరు మొదటి వారంలో అప్పలస్వామి లారీ పట్టపగలు, ఖాళీ రోడ్డు మీద, తిన్నగా వెళ్ళి కల్వర్టు గోడకి కొట్టుకుంది. బ్రేకు తొక్కిన గుర్తే లేదు. మనిషి అక్కడే పోయాడు. వెనక లారీలో వస్తున్న మా ఏసోబే ముందు దిగి పరిగెత్తాడు.

"రేడియో ఇంకా పాడతానే ఉందక్కా. ఎంత శుభ్రంగా పాడతందో! ఆడి కళ్ళు తెరిచే ఉన్నాయి" అని చెప్పాడు ఇంటికొచ్చాక.

డ్రైవరు నిద్రపోయాడు, అంతే అన్నాడు పాండురంగం. ఆ మాటతో నాకు తిక్క రేగింది. కన్ను మూయని మనిషి నిద్రపోవడమేంటి? మనిషిని బట్టి మారిన ఆ గోల అప్పుడు గుర్తొచ్చింది. ఐదు నెలల తర్వాత గుర్తొచ్చింది, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఏసోబు బండిని షెడ్డులోకి తోలించి నా రింగు నేనే విప్పాను. వాణ్ణి సీట్లో కూర్చోబెట్టి రేడియో పెట్టాను.

అది టక్ టక్ కాదు. రేకుల కప్పు మీద వడగళ్ళ వాన. రెండు దెబ్బల మధ్య సందు లేదు. వాడు దిగగానే ఆగింది. నేను కూర్చున్నాను. పది నిమిషాల్లో రెండుసార్లు టక్కుమంది. ముందు రాత్రంతా పడుకోకుండా పనిచేసిన పక్క షెడ్డు వెల్డరు ఖాసింని బతిమాలి కూర్చోబెట్టాను. పది నిమిషాల్లో నలభై మూడు. ఆయన ఆవులింత ఆపుకుని, "సువార్తా, ఈ సీటేంటో గమ్మత్తుగా ఉంది, మత్తంతా వదిలిపోయింది" అన్నాడు. షట్టరు మీద సుద్దముక్కతో అంకెలు వేస్తున్న నా చెయ్యి ఆగిపోయింది.

మనిషికి నిద్ర వచ్చిన ప్రతిసారీ ఆ పెట్టె దాన్ని వెనక్కి నెడుతోంది. నెట్టిన ప్రతిసారీ రేడియోలో టక్కుమంటోంది. మా తమ్ముడి తలుపు దగ్గర ఐదు నెలల నిద్ర గుమిగూడి తోసుకుంటోంది. నేను చేసిందేమిటంటే, ఆ తలుపు చప్పుడు వాడి చెవిన పడకుండా చెయ్యడం.

పెట్టె అడుగున చీటీ మీద అడ్రసుంది. ఊరి బయట పారిశ్రామికవాడ. ఏసోబుని వెంటబెట్టుకుని, రింగు సంచిలో వేసుకుని వెళ్ళాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపితే, పోలీసుల్ని తెమ్మంటావా అని అరిచాను. లోపల పొడుగాటి గదిలో లారీ సీట్లు వరసగా వేసి ఉన్నాయి. ఒక్కో సీట్లో ఒక్కో మనిషి కూర్చుని, ఎదురుగా దీపం వెలిగినప్పుడల్లా బొత్తాం నొక్కుతున్నాడు. గోడ మీద బోర్డులో ఒక్కొక్కరు మేలుకున్న గంటలు రాసున్నాయి. డెబ్బై రెండు, డెబ్బై ఒకటి.

పెట్టె తయారుచేసిన మనిషి పేరు డాక్టర్ నిరుపమ. ముప్పై ఐదేళ్ళుంటాయి. నేను బల్ల మీద రింగు పెట్టగానే దాన్ని చూసి ఆమె మొహం తెల్లబోయింది.

"ఇది మీరా బిగించింది?"

"నేనే. ముప్పై ఎనిమిది బళ్ళకీ నేనే. నీ పెట్టె మనిషిని ఏం చేస్తందో ముందు నువ్వు చెప్పు."

ఏసోబు కళ్ళల్లోకి చిన్న లైటు వేసి చూసి, ఆమె కుర్చీలో కూలబడింది.

"నిద్ర పోదండీ. వాయిదా పడుతుంది. మూడు రోజులు వాడితే, మూడు రోజులు సీటు ఎక్కకూడదు. అప్పుడు బాకీ తీరిపోతుంది. అలా ఆపకుండా వాడితే మెదడు తనంతట తనే నిద్రని నెట్టడం నేర్చుకుంటుంది, ఇంట్లో ఉన్నా సరే. ఒక హద్దు దాటాక ఏదీ ఆపలేదు. మనిషి కళ్ళు తెరిచే ఉంటాడు, లోపల కాసేపు ఉండడు."

"మరి ఆ సంగతి డ్రైవర్లకి ఎవరు చెప్పాల?"

"పెట్టెతో పాటు ఇచ్చే పుస్తకంలో రాశాను."

"ఏ భాషలో?"

ఆమె గొంతు తగ్గించి చెప్పింది. హద్దు దాటితే మోగే గంట ఒకటి మొదట్లో పెట్టిందట. డ్రైవర్లు బళ్ళు ఆపేస్తారని పైవాళ్ళు తీయించారట. అప్పుడు, గోల బయటికి పోకుండా పెట్టె చుట్టూ ఉండాల్సిన రేకులో ఒక పక్క కావాలనే వదిలేసిందట, దాని దెబ్బ రేడియోలో వినపడాలని.

"గోల భరించలేక కనీసం బండి ఆపి పడుకుంటారనుకున్నాను. ఎవరో ఒక మంచి మెకానిక్ గోల వెతుక్కుంటూ నా దాకా వస్తారనుకున్నాను. రోజూ ఎదురుచూశాను. జూన్ తర్వాత ఫిర్యాదులే ఆగిపోయాయి. బళ్ళలో వాడకం తగ్గించారేమో అనుకున్నాను."

నా ఒళ్ళు మండిపోయింది. "నోరుంది కదమ్మా నీకు? నోరుండగా రేడియోతో చెప్పించావా?"

"ఉద్యోగం పోతుందని భయపడ్డాను" అంది.

"అప్పలస్వామి పోయాడు. నీ ఉద్యోగం ఉంది."

చెయ్యెత్తాను. ఏసోబు అడ్డం వచ్చాడు. వాడు రాకపోయినా కొట్టేదాన్ని కాదేమో. లేచిన ఆ చెయ్యే జూన్‌లో ముప్పై ఎనిమిది రింగులు బిగించింది. నేను వెతకాల్సిన పని వెతికుంటే, ఆమె చెప్పాల్సిన మాట ఐదు నెలల కిందటే బయటికొచ్చేది.

"మా తమ్ముడు బతుకుతాడా? అది చెప్పు."

"సీటు ఒక్కసారిగా మాన్పిస్తే ఆగిన నిద్రంతా ఒకేసారి మీద పడుతుంది. ఎలకల్లో చూశాం. పదింటిలో నాలుగు మళ్ళీ లేవలేదు. పెట్టె జోరు కొంచెం కొంచెం తగ్గిస్తూ, నిద్రని లెక్కగా లోపలికి వదలాలి. ఎంత వదలాలో చూపించే యంత్రం ఇక్కడ లేదు."

"నా దగ్గరుంది" అన్నాను. "రేడియో."

షెడ్డులో ఏసోబు లారీ సీటు పెట్టెతో సహా ఊడదీసి, బ్యాటరీకి తగిలించి మూల వేశాం. సీటు ఇవ్వకపోతే బండి ఎట్టా కదులుద్దని పాండురంగం వచ్చి ఎగిరాడు. స్టూలు వేసుకుని తోలుకోమన్నాను, చేతిలో పెద్ద స్పానరు పట్టుకుని. వెళ్ళిపోయాడు.

నిరుపమ ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చింది. పెట్టె సీలు తన చేత్తోనే పగలగొట్టి, లోపలి మరని వెంట్రుకవాసి తిప్పేది. నేను రేడియో దగ్గర చెవి పెట్టి వినేదాన్ని. వడగళ్ళ వాన జోరు తగ్గితే ఏసోబు తల వాలిపోయేది. దెబ్బలు మరీ ఆగిపోతే వాడి ఊపిరి అందేది కాదు. అప్పుడు "పెంచు, పెంచు" అని అరిచేదాన్ని. నా చెవి ఏ మాత్రం తప్పినా వాడు లేవడు. నా జన్మలో ఏ గోలనీ అంత ప్రేమగా వినలేదు. కరుణ పాపని చంకనేసుకుని, సీటు పక్కనే కూర్చుని వాడి అరికాళ్ళు రాస్తూ ఉండేది. ఆ తొమ్మిది రోజులు నేను నిరుపమతో పనిమాట తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. కానీ కరుణ పెట్టిన అన్నం ఆమె మా పక్కనే కూర్చుని తినేది, నేను వద్దనలేదు.

మధ్యమధ్య డ్రైవర్లందరికీ ఫోన్లు చేశాను. "ఎక్కడున్నా సరే, సీటు కింద పసుపు చుక్క ఉన్న నల్ల రింగు విప్పి అవతల పారెయ్యండి. రేడియో పెట్టి వినండి. గోల వస్తే బండి ఆపండి, సీటు మాత్రం ఒక్కసారిగా మానకుండా నా షెడ్డుకి రండి. ఆపితే ఎవడేమంటాడో నాకు చెప్పండి" అన్నాను. కొందరు అప్పుడే విప్పారు. కొందరు షెడ్డుకి వచ్చి ఆ గోల విని, సీటు మీంచి దూకేశారు. వాళ్ళ చేత కూడా నిరుపమ కొంచెం కొంచెంగానే సీటు మాన్పించింది.

పదో రోజు రాత్రి పదకొండు గంటలకి రేడియోలో టక్కుమంది. తర్వాతి దెబ్బ కోసం చూశాను. రాలేదు. పాట వస్తోంది, వెనక ఏ మచ్చా లేకుండా. గోల లేని రేడియో అంటే ప్రాణం పెట్టే నేను, భయంతో వాడి గుండె మీద చెవి పెట్టాను. కొట్టుకుంటోంది. వాడు గుర్రు పెట్టాడు. కరుణ ఏడుస్తూ నవ్వింది.

మర్నాడు మధ్యాహ్నం దాకా పడుకుని లేచాడు. చాలా రోజుల తర్వాత వాడి కళ్ళల్లో వాడు కనిపించాడు. నీళ్ళు అడిగి తాగాడు. కరుణని చూసి, "ఏంటే ఇట్టా చిక్కిపోయావ్? ఇంకా నెల ఉందన్నారుగా కానుపుకి?" అన్నాడు. తర్వాత ఆమె ఒళ్ళో ఉన్న పాపని చూసి, మర్యాదగా నవ్వి, "ఎవరి పాప?" అని అడిగాడు.

నిద్ర పట్టని మెదడులో ఏ రోజూ నిలబడదట. చూసిందేదీ తలలో ఇంకదట. నిరుపమ తల వంచుకుని చెప్పింది. జూన్ నుంచి వాడు బతికిన రోజులన్నీ పోయాయి. పాప పుట్టడం, ఎత్తుకోవడం, నీళ్ళు పోయడం, అప్పలస్వామి కళ్ళు, అన్నీ. ఇక రావు. కరుణ పాపని వాడి చేతుల్లో పెట్టి, "మనదే" అంది. వాడు అపరిచితుల బిడ్డని పట్టుకున్నట్టు జాగ్రత్తగా పట్టుకున్నాడు. అది చూసి నేను బయటికొచ్చి షట్టరుని కాలితో తన్నాను.

నిరుపమ జరిగిందంతా కాగితం మీద రాసింది, తెలుగులో. కింద పేరు రాసి సంతకం పెట్టింది. దాని కింద నా పేరు కూడా రాయమన్నాను, రింగుల సంగతితో సహా. ఆ కాగితం పట్టుకుని డ్రైవర్లు కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్ళారు. వాళ్ళతో పాటు ఆమె కూడా వెళ్ళింది.

నిన్న పాండురంగం మళ్ళీ వచ్చాడు. మొహంలో ఏ కష్టమూ లేదు.

"జరిగిందేదో జరిగిపోయింది సువార్తమ్మా. పెట్టెల కంపెనీవాళ్ళు వేరే ఇంజనీరుతో కొత్త పెట్టెలు చేయిస్తన్నారు. చుట్టూ గట్టి రేకు వేస్తారంట. రేడియోలో గోలన్న మాటే ఉండదంట. బిగించే పని నీకే ఇద్దామనుకుంటన్నాం. నీ చేతి పని గట్టి పని."

నేను సొరుగు లాగి ఒక రింగు తీసి ఆయన చేతిలో పెట్టాను. కల్వర్టు దగ్గర నుజ్జయిన లారీలోంచి నేనే వెళ్ళి తెచ్చుకున్న రింగు అది. స్టీరింగు వంగిపోయింది, సీటు ముక్కలైంది, పెట్టె పగిలింది. రింగు మాత్రం మూడు చుట్ల తీగతో ఎక్కడిదక్కడే ఉంది. పసుపు చుక్క కూడా చెరగలేదు.

"అవునయ్యా" అన్నాను. "గట్టి పనే. అప్పలస్వామి పోయినా అది ఊడలేదు."